ఉప్పు డబ్బాకు మూతేదీ?

గర్భిణికి కడుపునిండా తిండి పెడితే చాలంటారు. చాలదని నా అభిప్రాయం. కడుపులో బిడ్డ మెదడు ఎదగాలంటే అయోడిన్ కావాలి. తల్లికి రోజుకు 250 మైక్రోగ్రాములు, అంటే చిటికెడులో వందో వంతు కూడా కాదు. అది మరీ తక్కువైతే బిడ్డ చెవుడుతోనో, బుద్ధి ఎదగకుండానో పుట్టొచ్చు. ఆ నష్టం తర్వాత పూర్తిగా తీరదు. పుట్టాక కూడా బిడ్డకు తల్లిపాలలోనే అయోడిన్ అందాలి.

కొండనేలల్లో అయోడిన్‌ను వానలు కడిగేస్తాయి, పంటలో తగ్గుతుంది. అందుకే ఉప్పులో కలుపుతారు. 2006 నుంచి అయోడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మకూడదు. కానీ పొయ్యి పక్కన మూత లేకుండా పెడితే తడికి, వేడికి అయోడిన్ తగ్గిపోతుంది గదా!

ఇది ఆడవాళ్ల సంగతని మగపిల్లలు నవ్వొద్దు. సంతలో ఉప్పు కొనేది నాన్నలే. ఎక్కువ ఉప్పు తినమనడం లేదు. సెలవులకు ఇంటికెళ్లి ఆ డబ్బాకు మూత పెడదాం, కూర దించే ముందు ఉప్పేయమందాం.