కెనడా అడవుల్లో కలుపు గొడవ: జామాయిల్, సరుగుడు రైతులు తెలుసుకోవాల్సింది ఏమిటి?

కలుపు అనగానే మనకు వరి మడి, పత్తి చేను గుర్తొస్తాయి. అడవిలో కూడా కలుపు ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. ఉంటుంది. కెనడాలో చెట్లు నరికిన చోట మళ్లీ మొక్కలు నాటుతారు. ఆ లేత మొక్కల చుట్టూ మొలిచే గడ్డిని, పొదలను ఏం చేయాలన్న దానిపై అక్కడ కొన్ని దశాబ్దాలుగా పెద్ద చర్చ నడుస్తోంది. హెలికాప్టర్లతో గ్లైఫోసేట్ చల్లాలని కొందరు, అసలు వద్దని మరికొందరు. ఒక రాష్ట్రం మందును పూర్తిగా మానేసింది, పక్క రాష్ట్రాలు వాడుతూనే ఉన్నాయి.

ఇది దూరదేశపు గొడవలే అని వదిలేయకండి. అక్కడ చల్లేది మన పల్లెల్లోని మందుల దుకాణాల్లో చూసిన మందే. మీరు జామాయిల్, సరుగుడు, సుబాబుల్ వేసి ఉంటే మొదటి ఏళ్లలో మీకు ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే: కలుపు ఎప్పుడు తీయాలి, దేనితో తీయాలి, ఎంత ఖర్చు పెట్టాలి?

ఉత్తర దేశాల అడవిలో కలుపు ఎలా దెబ్బతీస్తుంది?

కెనడా, స్వీడన్, ఫిన్లాండ్ వంటి చలి దేశాల అడవుల్లో స్ప్రూస్, పైన్ వంటి చెట్లు ఎక్కువ. వీటి ఆకులు సూదుల్లా సన్నగా ఉంటాయి. కలపకు, కాగితం గుజ్జుకు ఇవే ఆధారం. ఇవి మొదట్లో చాలా నెమ్మదిగా పెరుగుతాయి. ఎదిగే కాలం ఏడాదికి కొన్ని నెలలే ఉంటుంది.

పాత చెట్లు నరకగానే నేల మీద ఒక్కసారిగా ఎండ పడుతుంది. అప్పుడు మొదట లేచేది గడ్డి, ఆ తర్వాత అడవి రాస్‌బెర్రీ పొదలు, వాటి వెనుక ఆస్పెన్, బిర్చ్ వంటి వెడల్పాటి ఆకుల చెట్లు. ఒక్కొక్కటి ఒక్కో రకంగా దెబ్బతీస్తుంది.

గడ్డి మొదట నీటిని, పోషకాలను లాగేస్తుంది. అక్కడి గడ్డితో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎండిన గడ్డి నేల మీద మందపాటి దుప్పటిలా పరుచుకుంటుంది. వసంతంలో ఎండ వచ్చినా కింద నేల వేడెక్కదు. చల్లటి నేలలో వేర్లు కదలవు. పైగా చలికాలంలో మంచు పడి గడ్డి వాలిపోయినప్పుడు చిన్న మొక్కను కూడా తనతో నేలకు అణచేస్తుంది.

రాస్‌బెర్రీ గింజలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి, ఎండ తగలగానే మొలుస్తాయి. ఆస్పెన్ అయితే నరికిన కొద్దీ వేర్ల నుంచి గుంపులుగా పిలకలు వేస్తుంది. జామాయిల్ మోడు నుంచి పిలకలు రావడం మీరు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే. కాకపోతే పిలకలు మోడు దగ్గరే ఆగవు, వేర్లు పాకినంత మేరా లేస్తాయి. రెండు మూడేళ్లలో అవి స్ప్రూస్ మొక్కను దాటి నీడ కమ్మేస్తాయి.

ఎప్పుడు తీయాలి అన్నదే అసలు ప్రశ్న

పత్తిలో, మొక్కజొన్నలో కలుపుకు కీలక దశ ఉంటుందని మీకు తెలుసు. ఆ దశలో కలుపు ఉంటే దిగుబడి పోతుంది. ఆ తర్వాత ఎంత శ్రద్ధగా తీసినా పోయింది తిరిగి రాదు. కెనడాలోని ఒంటారియో పరిశోధకులు పంటల నుంచి ఈ ఆలోచనను తీసుకుని అడవి మొక్కలకు వర్తింపజేశారు. నాలుగు రకాల పైన్, స్ప్రూస్ మొక్కలపై చేసిన ఈ పని 1999లో ప్రచురితమైంది. కొన్ని మళ్లలో మొదటి ఏడాదే కలుపు తీసి వదిలేశారు, కొన్నింట్లో ఆలస్యంగా మొదలుపెట్టారు, కొన్నింట్లో వరుసగా ఏళ్ల పాటు తీశారు. చెట్టుకైనా కీలక దశ నాటిన తొలి ఏళ్లలోనే ఉందని తేలింది. ఆ దశ ఎంత కాలం అన్నది చెట్టు రకాన్ని బట్టి మారుతుంది.

ఇలాంటి పరిశోధనలన్నింటిలో రైతుకు బాగా పనికొచ్చే విషయం ఒకటుంది. కలుపు దెబ్బ మొదట కాండం లావు మీద పడుతుంది, ఎత్తు మీద కాదు. గడ్డిలో ఉన్న మొక్క కూడా వెలుగు కోసం పైకి సాగుతుంది. దూరం నుంచి చూస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. దగ్గరకు వెళ్లి మొదలు పట్టుకుంటే పెన్సిల్‌లా సన్నగా ఉంటుంది. కలప లెక్కలో లావే ఎక్కువ బరువు తెస్తుంది. కాబట్టి ఎత్తు చూసి తోట బాగుందని అనుకోవడం పొరపాటు.

మందు వాడేవారి వాదన, వద్దనేవారి వాదన

అక్కడి కంపెనీలు గ్లైఫోసేట్ ఎందుకు ఎంచుకున్నాయి? చౌక. అడవి విస్తీర్ణం పెద్దది, మనిషి దొరకడం కష్టం. ఇంకో కారణం కూడా ఉంది. వేసవి చివరికి స్ప్రూస్, పైన్ ఆ ఏటి ఎదుగుదల ముగించి మొగ్గలు మూసుకుంటాయి, సూదులు మైనపు పూతతో గట్టిపడతాయి. అదే సమయంలో వెడల్పాటి ఆకుల మొక్కలు ఇంకా పచ్చగా ఉండి మందును వేర్లకు లాగేసుకుంటాయి. అప్పుడు చల్లితే పొదలు చస్తాయి, స్ప్రూస్ నిలబడుతుంది. ఒక చెట్టు నాటినప్పటి నుంచి కోతకు వచ్చే అన్ని దశాబ్దాల్లో మందు పడేది ఒకటి రెండు సార్లేనని కంపెనీల వాదన. కెనడా ఆరోగ్య శాఖ 2017లో గ్లైఫోసేట్‌ను మళ్లీ సమీక్షించి, లేబుల్ ప్రకారం వాడితే కొనసాగించవచ్చని చెప్పింది.

వద్దనేవారి వాదన కూడా తేలికగా తీసేయదగ్గది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్‌ను 'మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది' అనే వర్గంలో చేర్చింది. అడవినే నమ్ముకున్న స్థానిక ఆదివాసులు అక్కడ బెర్రీలు, మందు మొక్కలు ఏరుకుంటారు, మూస్ అనే పెద్ద దుప్పిని వేటాడతారు. ఆ దుప్పికి మేత ఆస్పెన్ లాంటి చెట్ల కొమ్మలే. మందు కొట్టిన చోట మేత తగ్గిపోతుంది. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో జరిగిన ఒక పరిశోధన 2019లో వెలువడింది. మందు చల్లిన ఏడాది తర్వాత కూడా బతికి ఉన్న కొన్ని అడవి మొక్కల్లో గ్లైఫోసేట్ అవశేషాలు కనిపించాయని అది చెప్పింది.

ఇటీవల మంటల విషయం కూడా తోడైంది. 2023లో కెనడాలో ఒక్క ఏడాదిలోనే కోటిన్నర హెక్టార్ల దాకా అడవి కాలింది. స్ప్రూస్, పైన్ చెట్లలో జిగురు ఎక్కువ, త్వరగా అంటుకుంటాయి. ఆకులతో పచ్చగా ఉన్న ఆస్పెన్ అంత తేలికగా మండదు. చాలా సార్లు మంట ఆస్పెన్ తోపు దగ్గరకు వచ్చి నెమ్మదిస్తుంది. కలుపు అని చంపుతున్న చెట్టే ఊరికి అడ్డుగోడ కదా అని జనం అడుగుతున్నారు. బ్రిటిష్ కొలంబియాలో 1980ల చివరి నుంచి ఒక నియమం ఉంది. చెట్లు నరికిన కంపెనీ, నాటిన మొక్కలు పోటీని దాటి నిలదొక్కుకునే దాకా బాధ్యత వహించాలి. మంచి ఉద్దేశంతో పెట్టిన నియమమే, కానీ ఆ లెక్క తప్పకూడదని కంపెనీలు ఆస్పెన్‌ను మొత్తంగా తుడిచేసే పద్ధతికి అలవాటుపడ్డాయని విమర్శ.

క్యూబెక్ మందు మానేసి ఏం చేసింది?

క్యూబెక్ రాష్ట్రం 1994లో ఒక విధానం ప్రకటించి, 2001 నుంచి ప్రభుత్వ అడవుల్లో రసాయన కలుపు మందులు పూర్తిగా ఆపేసింది. మధ్యలో ఏడేళ్లు ఉన్నాయని గమనించండి. రాత్రికి రాత్రి ఆపలేదు. ఆ వ్యవధిలో మూడు పనులు చేసుకుంది.

మొదటిది, పెద్ద మొక్కలు. నర్సరీలోనే బలంగా, పొడవుగా పెంచిన మొక్కలను కలుపు ఎక్కువగా ఉండే చోట నాటారు. అవి గడ్డి కంటే పైన మొదలవుతాయి.

రెండోది, ఆలస్యం లేకుండా నాటడం. చెట్లు నరికిన వెంటనే, కలుపు పుంజుకోకముందే మొక్క నేలలో ఉండాలి. ఒకటి రెండేళ్లు ఆగితే ఆ ఖాళీ కలుపుదే.

మూడోది, చేతి యంత్రాలతో కోత. కూలీలు బ్రష్ కట్టర్ లాంటి యంత్రాలతో మొక్క చుట్టూ పెరిగిన పొదలను నరుకుతారు.

దీనికి ఖర్చు ఎక్కువే. కోసిన పొద మళ్లీ చిగురిస్తుంది కాబట్టి ఒక్కసారితో పోదు. కూలీ కష్టం, గాయాల ప్రమాదం కూడా ఉన్నాయి. అయినా ఈ పద్ధతితో రాష్ట్రం ఇరవై ఏళ్లకు పైగా అడవులు పెంచుతోంది. మందు లేకుండా కుదరదన్న మాట నిజం కాదని క్యూబెక్ చూపించింది. మందు మానేయడం ఉచితంగా కుదరదని కూడా అదే చూపించింది.

స్వీడన్‌లో అడవిలో సగం దాకా, ఫిన్లాండ్‌లో సగానికి పైగా మనలాంటి కుటుంబాల చేతిలోనే ఉంది. వారు లేత అడవిలో చెట్లు మనిషి ఎత్తు దాటాక యంత్రంతో పోటీ చెట్లను పలచన చేస్తారు. అన్నింటినీ తుడిచేయరు. కొన్ని బిర్చ్ చెట్లను కావాలనే వదులుతారు.

మన తోటలకు ఇందులో ఏముంది?

ముందుగా ఒక హెచ్చరిక. అక్కడ హెలికాప్టర్‌తో చల్లినా స్ప్రూస్ నిలబడుతోందని విని, మన తోటలో కొట్టవచ్చని అనుకోవద్దు. లేత జామాయిల్ ఆకు మీద గ్లైఫోసేట్ తుంపర పడితే మొక్క దెబ్బతింటుంది. మన చెట్లు చలికి ఎదుగుదల ఆపి గట్టిపడే దశ అంటూ ఏమీ ఉండదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మన దేశంలో గ్లైఫోసేట్‌కు అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంట లేని ప్రదేశాలకు మాత్రమే. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు దీన్ని వాడకూడదని పేర్కొంది. అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి విత్తనం అమ్మేవారు ఈ విషయం మీకు చెప్పరు. ఏ మందు కొనే ముందైనా మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.

ఇక తోటలో మీరు చేయదగ్గవి:

1. నాటకముందే నేలను శుభ్రం చేయండి. లోతుగా దున్ని తుంగ గడ్డలు, దర్భ వేర్లు ఏరించండి. నాటాక వరుసల్లో ఈ పని చేయలేరు.

2. నర్సరీలో బలమైన మొక్కను ఎంచుకోండి. ఎత్తు ఒక్కటే చూడవద్దు. మొదలు లావుగా, వేర్లు చుట్టుకుపోకుండా ఉన్నదే తీసుకోండి. తొలకరి వానలకే నాటండి.

3. డబ్బు తక్కువైతే మొత్తం పొలం కాకుండా ప్రతి మొక్క చుట్టూ మూర నుంచి రెండు మూరల దాకా పాదు చేసి శుభ్రంగా ఉంచండి. పోటీ ఎక్కువగా ఉండేది అక్కడే.

4. తీసిన కలుపును గింజ పట్టకముందైతే పాదులోనే ఆచ్ఛాదనగా పరచండి, మొదలుకు తగలకుండా. తేమ నిలుస్తుంది, కొత్త కలుపు తగ్గుతుంది.

5. మొదటి ఏడాది, వీలైతే రెండో ఏడాది కూడా వరుసల మధ్య వేరుశనగ, అలసంద, మినుము లాంటి అంతరపంట వేయండి. కలుపుకు దొరికే ఖాళీ మీకు ఆదాయం ఇస్తుంది. పాకే పంటలు మొక్క మీదికి ఎక్కకుండా చూసుకోండి.

6. వరుసల మధ్య బ్రష్ కట్టర్ వాడితే పాదు దగ్గర మాత్రం కొడవలితోనే కోయండి. లేత బెరడుకు తీగ తగిలితే ఆ గాయం నుంచి చెట్టు కోలుకోవడం కష్టం.

7. ఆరు నెలలకోసారి ఒక ఇరవై చెట్ల మొదలు చుట్టుకొలత దారంతో కొలిచి రాసుకోండి. పాదులు చేసిన వరుసకూ, చేయని వరుసకూ తేడా మీ కళ్లతో మీరే చూస్తారు. వచ్చే ఏడాది కూలీ ఖర్చు ఎక్కడ పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.

8. గట్ల మీద, వాగు పక్కన ఉన్న వేప, కానుగ, తుమ్మ చెట్లను కలుపుగా చూడకండి. మీ మొక్కకు నీడ వేయనంత వరకు అవి ఉంటే మంచిదే.

కెనడాలో మందు కావాలనేవారు, వద్దనేవారు ఒక్క విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నారు. తొలి ఏళ్లలో మొక్కను పట్టించుకోకపోతే ఆ తర్వాత ఏ పద్ధతీ దాన్ని పూర్తిగా కాపాడలేదు. మూడో ఏట తోటంతా కలుపు తీయించడానికి దాచిన డబ్బు మీ దగ్గర ఉంటే, అందులో ఎక్కువ భాగం మొదటి ఏడాదే ఖర్చు పెట్టండి. ఈ వానాకాలంలో మొక్కలు నాటినవారు నెల తిరగకముందే పాదులు మొదలుపెట్టండి.