ఏ హైబ్రిడ్ అండీ?

షోరూముల్లో హైబ్రిడ్ అన్న మాట ధారాళంగా వాడేస్తున్నారు. ఇంజన్‌కు బెల్టుతో తగిలించి, కాస్త చేయూతనిచ్చే చిన్న మోటారున్న మైల్డ్ హైబ్రిడ్‌కూ అదే పేరు. ఆ మోటారు ఒంటరిగా కారును నడపలేదు. నన్నడిగితే ఆ బిరుదు దానికి ఎక్కువే.

అసలు తమాషా టయోటాది. 1997లో జపాన్‌లో విడుదలైన ప్రియస్‌లో మామూలు గేర్‌బాక్సు లేదు. నడుమ సన్ గేర్, దాని చుట్టూ తిరిగే ప్లానెట్ గేర్లు, వాటి బయట రింగు. జనరేటర్ సన్ గేర్‌కు, ఇంజన్ ప్లానెట్ గేర్లను మోసే చట్రానికి, మోటారూ టైర్లూ రింగుకు కలుస్తాయి. జనరేటర్ వేగాన్ని మారుస్తూ ఉంటే చాలు, కారు ఎంత వేగంలో ఉన్నా ఇంజన్‌ను తక్కువ పెట్రోలు తాగే స్థితిలో తిప్పవచ్చు. మన రోడ్ల మీది హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో ఉన్నదీ ఈ ఏర్పాటే.

హోండా సిటీ దారి వేరు. ఊళ్లో ఇంజన్ కరెంటు పుట్టిస్తే మోటారు బండిని లాగుతుంది. హైవే వేగం అందుకున్నాక క్లచ్ కలిసి ఇంజనే నేరుగా రంగంలోకి దిగుతుంది. నిస్సాన్ ఈ-పవర్‌లో ఆ నేరు లంకె కూడా లేదు. ట్రాఫిక్‌లో అది హాయిగా ఉంటుంది, హైవే మీద కొంత శక్తి మార్పిడిలోనే పోతుంది.

ఈ సంచికలో వీటన్నిటినీ విప్పి చూపించాం. బేరానికి వెళ్తే మాత్రం ముందు ఒకటే అడగండి: ఇంజన్ ఆగి ఉన్నా బండి కదులుతుందా?