ఒంటిని తడిమి ఇచ్చేది గుర్తింపు కాదు

‘‘నేను ట్రాన్స్‌జెండర్‌ని అని ఎవరికి వారు రాసిచ్చేస్తే సరిపోతుందా? డాక్టరు చూడొద్దా? లేకపోతే పింఛను కోసం ప్రతివాడూ వచ్చి నిలబడతాడు.’’ చదువుకున్నవాళ్ల ఇళ్లలో కూడా ఈ మాట వింటున్నాను. పైకి న్యాయంగానే ఉంటుంది. లోపలున్నది మాత్రం అనుమానం.

నా ఓటరు కార్డులో ‘స్త్రీ’ అని రాసినప్పుడు నన్నెవరూ ఆసుపత్రికి పంపలేదు. నా మాట నమ్మారు. ఆ నమ్మకం ట్రాన్స్‌జెండర్లకెందుకు దక్కదు?

ఈ అనుమానం హైదరాబాదుకు కొత్త కాదు. నిజాం కాలంలో, 1919లో, ఇక్కడ హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానంతో వాళ్ల పేర్లు రిజిస్టరుకెక్కించారు. ఆ రిజిస్టరులో పేరున్న మనిషి చీర కట్టి, నగ పెట్టి వీధిలో కనబడితే చాలు, వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టవచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో! నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం నూరేళ్లు దాటి బతికింది. అప్పుడు పిల్లల పేరు చెప్పారు, ఇప్పుడు పింఛను పేరు చెబుతున్నారు.

తానెవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, శస్త్రచికిత్స చేయించుకోవాలని పట్టుబట్టడం అనైతికం, చట్టవిరుద్ధం అని సుప్రీంకోర్టు 2014లోనే నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో చెప్పింది. వైద్య పరీక్ష లేకుండా, అఫిడవిట్ చూసి కలెక్టరు ధ్రువపత్రం ఇవ్వాలని 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలూ అన్నాయి. అబద్ధపు అఫిడవిట్ ఇచ్చినవాణ్ణి శిక్షించడానికి చట్టం ఉంది. ఒకడు మోసం చేస్తాడేమోనని అందరి బట్టలూ విప్పించడం ఏం న్యాయం?

అయినా ఏం లాభానికి మోసం చేస్తారు? ఇల్లు అద్దెకు దొరకదు. బ్యాంకుకు వెళ్తే, ఆధార్‌లో ఒక పేరు, పాసుపుస్తకంలో ఇంకో పేరు ఉంటే, ‘‘ఇది నీదేనా?’’ అని క్యూ అంతా వినేలా అడుగుతారు. అత్యాచారానికి కనీసం పదేళ్ల శిక్ష ఉన్న దేశంలో, 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం వాళ్లపై లైంగిక దాడికి గరిష్ఠంగా రెండేళ్లే రాసింది. మోసపోతున్నది ఎవరో అక్కడే తెలుస్తోంది.

గుర్తింపు కోసం వచ్చిన మనిషి ఒంటి గురించి ఏ అధికారీ ఒక్క ప్రశ్న కూడా వేయకూడదని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రతి కలెక్టరేటుకూ రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి.