ఆకాశం రంగుకు ఒక్క మాట చాలదు

పిల్లలూ! ఆకాశం నీలంగా ఎందుకుంటుందని అడిగితే మీలో కొందరు "సముద్రపు రంగు దానిలో ప్రతిఫలిస్తుంది గనుక" అంటారు. గైడు చదివినవాళ్లు "కాంతి పరిక్షేపణం వల్ల" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మొదటి జవాబు తప్పు. రెండవది తప్పు కాదు, దానికి మార్కులూ వస్తాయి. కాని నా దృష్టిలో అదీ జవాబు కాదు. పేరు చెప్పటం వేరు, కారణం చెప్పటం వేరు.

ముందు సముద్రం సంగతి చూద్దాం. మా తనకల్లుకు సముద్రం 200 కిలోమీటర్లకు పైనే. వాన కోసం ఆకాశం వంక చూసీ చూసీ మెడలు పట్టేసే ఊళ్లు మావి. చెరువులో చుక్క నీరు లేని ఏడాది కూడా మా ఆకాశం నీలంగానే ఉంటుంది. ఇంకో సాక్ష్యం కావాలా? వాన వెలిసిన మరునాడు ఊరి బయట నిలబడి దూరపు కొండలను చూడండి. దూరపు కొండలు నునుపంటారు. నునుపే కాదు, నీలం కూడా! దగ్గరకు వెళితే అవే బండలు, అవే ముళ్లపొదలు. ఆ నీలం కొండది కాదు, మీ కంటికీ కొండకూ నడుమనున్న గాలిది. తలెత్తితే కనిపించేదీ ఆ గాలి రంగే.

గాలికి ఆ రంగు ఎలా వచ్చింది? సూర్యకాంతిలో అన్ని రంగులూ ఉన్నాయి. గాలిలోని అణువులు ఆ కాంతిలో కొంత భాగాన్ని అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. పరిక్షేపణమంటే ఇదే. అయితే అన్ని రంగులూ ఒకే తీరున చెదరవు. తరంగం ఎంత పొట్టిదైతే అంత ఎక్కువగా చెదురుతుంది. 1871లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రేలీ దీనికి లెక్క కట్టాడు. ఎరుపు తరంగం పొడవు సుమారు 650 నానోమీటర్లు, నీలానిది సుమారు 450. మీరే 650ని 450తో భాగించండి. వచ్చిన సంఖ్యను నాలుగుసార్లు రాసి అన్నిటినీ గుణించండి. 4 కంటే ఎక్కువే వస్తుంది. ఎరుపు కంటే నీలం అన్ని రెట్లు ఎక్కువగా చెదురుతుందన్నమాట.

సూర్యుడు కుంగేవేళ కిరణాలు ఏటవాలుగా, నడినెత్తిన ఉన్నప్పటికంటే 30 రెట్లకు పైగా గాలిని దాటి రావాలి. నీలం దారిలోనే చెదిరిపోగా మనదాకా వచ్చేది ఎరుపూ నారింజా. ఎండాకాలం దుమ్ము రేగితే ఆకాశం తెల్లబోతుంది గదా, దుమ్ము కణాలు పెద్దవి, అవి రంగుల మధ్య అంతగా తేడా చూపవు.

"ఊదా తరంగం ఇంకా పొట్టిది గదా సార్, ఆకాశం ఊదాగా ఎందుకు లేదు?" అని అడిగిన పిల్లవాణ్ణి "సిలబస్‌లో లేదు, కూర్చో" అనే మాస్టర్లున్నారు. నాకది నచ్చదు. పదం బట్టీపట్టినవాడికి ఆ ప్రశ్న తట్టదు, అర్థమైనవాడికే తడుతుంది. సూర్యకాంతిలో నీలం కంటే ఊదా తక్కువ. పైగా మన కన్ను ఊదాను అంత బాగా పట్టుకోలేదు.

ఇలా అడగటం రామన్‌కు అలవాటు. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఐరోపా నుంచి ఓడలో తిరిగి వస్తున్నాడు. సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబమేనని అంతటి రేలీయే చెప్పాడు. రామన్ ఒక పట్టకం ద్వారా చూసి, నీటిపై ప్రతిఫలించే వెలుగును తొలగించాడు. నీలం పోలేదు! నీరే కాంతిని చెదరగొడుతున్నదన్నాడు. నీరు ఎరుపును పీల్చుకోవటం కూడా పెద్ద కారణమని నేడు మనకు తెలుసు. ఆ పరిశోధనల దారిలోనే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ బయటపడింది, 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

మీకు ఓడ అక్కర్లేదు. చీకటి గదిలో గాజుగ్లాసు నిండా నీళ్లు పోసి, మీగడ తీసిన పాలు రెండు మూడు చుక్కలు కలపండి. ఒక పక్కనుంచి టార్చి వేయండి, సెల్‌ఫోనుదైనా సరే. అడ్డంగా చూస్తే నీళ్లు లేత నీలం. టార్చికి ఎదురుగా, గ్లాసు గుండా చూస్తే వెలుగు పసుపు. ఇంకో రెండు చుక్కలు కలిపితే నారింజవైపు తిరుగుతుంది. (సూర్యుణ్ణి మాత్రం సూటిగా చూడకండి, కళ్లు పోతాయి.) పరీక్షలో మార్కులు ఆ ఒక్క పదానికి కాక, ఈ గ్లాసులో చూసినది సొంత మాటల్లో రాసినవాళ్లకు ఇవ్వాలంటాను.

ఇంకొకటి. అగరొత్తి పొగను నల్లటి తలుపు ముందు చూడండి, నీలంగా ఉంటుంది. అదే పొగను కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి, మట్టిరంగుగా కనిపిస్తుంది. పొగ ఒకటే గదా! ఎందుకో మీ మాస్టరును అడిగేముందు కాగితం మీద రాసి పెట్టుకోండి.