చిన్న కట్టే కదా అనుకుంటే...

1977 నవంబరు 6. అర్ధరాత్రి దాటి సుమారు ఒంటిగంటన్నర. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టొకోవా పట్టణం దగ్గర కెల్లీ బార్న్స్ అనే మట్టికట్ట తెగింది. దిగువనే ఉన్న బైబిల్ కళాశాల ప్రాంగణాన్ని నిద్రలోనే నీళ్లు ముంచెత్తాయి. 39 మంది చనిపోయారు.

ఆ కట్ట ఎత్తు 38 అడుగులు, అంటే 12 మీటర్ల లోపే. పొడవు సుమారు 400 అడుగులు. ఒకప్పుడు అక్కడ చిన్న జలవిద్యుత్ కేంద్రం నడిచేది. 1957లో అది మూతపడ్డాక ఆ నీరు విహారానికి తప్ప మరి దేనికీ వాడలేదు. ఆదాయం లేని కట్టను పట్టించుకునేవారూ కరువయ్యారు. ఇలాంటి కట్టలకు అసలు ముప్పు ఇక్కడే మొదలవుతుంది.

కట్ట మీద నీటి ఒత్తిడి చెరువు వైశాల్యాన్ని బట్టి కాక నీటి లోతును బట్టి ఉంటుంది. ఒక్కో మీటరు లోతుకు చదరపు మీటరుపై ఒక టన్ను బరువు చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. పది మీటర్ల లోతుంటే పది టన్నులు. చెరువు నలభై ఎకరాలైనా నాలుగు వేల ఎకరాలైనా ఈ లెక్క మారదు.

మట్టికట్ట ఈ ఒత్తిడిని తన బరువుతో, మట్టిరేణువుల మధ్య రాపిడితో తట్టుకుంటుంది. ప్రతి మట్టికట్టలోనూ కొంత నీరు ఊరుతూనే ఉంటుంది. ఆ ఊట తేటగా, నిలకడగా ఉన్నంతవరకు పెద్దగా భయం లేదు. ఊటనీరు బురదరంగుకు మారిందంటే అది లోపలి మట్టిని మోసుకొస్తున్నట్టే. ఆ దారి పెద్దదై బుంగ పడుతుంది. వాలు మరీ నిటారుగా ఉంటే, నానిన మట్టి పట్టు కోల్పోయి జారిపోతుంది. ఇక అలుగు చాలక నీళ్లు కట్ట మీదుగా పొర్లితే, గండి పడటానికి ఎక్కువ సమయం పట్టదు.

కెల్లీ బార్న్స్ ప్రమాదానికి ఒకే ఒక్క కారణాన్ని పరిశోధకులు తేల్చి చెప్పలేకపోయారు. అయితే కట్ట వెలుపలి వాలు చాలా నిటారుగా ఉండేది. అక్కడ మట్టి జారిన గుర్తు 1973 నాటి ఫొటోలోనే కనిపిస్తోంది. కట్ట నాలుగేళ్ల ముందే హెచ్చరించింది. ఆ హెచ్చరికను అందుకోవాల్సిన బాధ్యత ఎవరిదో మాత్రం తేలలేదు. ప్రమాదం తర్వాతే అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్రమాదకరమైన ప్రైవేటు, స్థానిక ఆనకట్టల తనిఖీకి ఆదేశించారు.

మన దేశంలో 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన కట్టలకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవైతే 500 మీటర్ల పొడవు లేదా పది లక్షల ఘనపు మీటర్ల నిల్వ వంటి షరతుల్లో కనీసం ఒకటి ఉండాలి. కెల్లీ బార్న్స్ కట్ట మన దేశంలో ఉండి ఉంటే ఎత్తు, పొడవు, నిల్వ కొలతల్లో దేని ప్రకారమూ ఈ చట్టం పరిధిలోకి వచ్చేది కాదు.

పెద్ద ఆనకట్టలపై ముందుగా దృష్టి పెట్టడం సబబే. దేశంలోని ప్రతి చెరువుకూ ఇంజనీర్ల బృందాన్ని పంపడం సాధ్యం కాదు. అందుకే ముందు అడగాల్సిన ప్రశ్న మారాలి. కట్ట ఎంత ఎత్తు అని కాదు, తెగితే దిగువన ఎవరున్నారు అని అడగాలి. పొలాలే ఉన్న చోట ఒక తీరు పర్యవేక్షణ సరిపోవచ్చు. బడో, కాలనీయో ఉన్న చోట పన్నెండు మీటర్ల కట్ట కూడా పెద్ద ఆనకట్ట కిందే లెక్క.

చెరువులను విహారస్థలాలుగా మార్చేచోట ఇది మరీ అవసరం. పడవలకు నీళ్లు నిండుగా ఉండాలని అలుగు ఎత్తు పెంచినా, చేపలు పోకుండా దానికి జాలీ బిగించినా వరదకు దారి తగ్గుతుంది. కట్ట మీద పెద్ద చెట్లు పెరిగితే, అవి చచ్చాక కుళ్లిన వేళ్లు నీటికి సొరంగాలవుతాయి. నడకబాట వేసి దీపాలు పెట్టే ఖర్చులోనే అలుగును శుభ్రంగా ఉంచే ఖర్చు, వానాకాలానికి ముందూ తర్వాతా వెలుపలి వాలును చూసే మనిషి జీతం కూడా చేర్చాలి. తడి మచ్చ, పగులు, జారిన మట్టి, బురద ఊట కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో కట్ట మీదే రాసి ఉంచాలి.

వీటికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు. కట్టకు ఒక బాధ్యుడు ఉంటే చాలు.