గుంటలు పోయి గజములు వచ్చినవి

హైదరాబాదునకు పడమటనున్న మొయినాబాదు, శంకరుపల్లి, చేవెళ్ళ ప్రాంతముల రైతుతో మాటలాడినచో, అతని నోట భూమి కొలతయే మారినదని తెలియును. పూర్వ మతడు ఎకరములు, గుంటలు అనెడివాడు. నేడు గజము లనుచున్నాడు. 40 గుంటలు ఒక ఎకరము; గుంటకు 121 చదరపు గజములు. లెక్కలో భేదము లేదు. గుంట యనినప్పుడు ఎంత నారు పట్టునో, ఎంత నీరు పారవలెనో మనస్సున మెదలును. గజ మనినప్పుడు ధర యొక్కటియే మెదలును.

1908 మూసీ వరదల పిమ్మట ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు నిర్మింపబడినవి. వాటికి చేరు నీటిని కాపాడుటకై 1996లో వెలువడిన 111వ సంఖ్య ప్రభుత్వోత్తర్వు 84 గ్రామములలో కట్టడములకు హద్దు విధించినది. ఆ కట్టుబాటుండగనే తోట యను పేర గోడలు లేచినవి. 2022లో ఆ కట్టుబాటును సడలించిరి.

పట్నమునుండి వచ్చువారి నందరిని ఒక్క గాటన కట్టుట న్యాయము కాదు. నేలను నమ్మి సేద్యము చేయువారును వారిలో కలరు. అమ్మిన రైతును నిందించుటయు తగదు. బోరు ఎండి, అప్పు పెరిగి, కూతురి పెండ్లి ముంగిట నిలిచినవానికి గజము ధర దైవమువలె కనబడుట వింతయా? అమ్మినవాని చేతికి డబ్బయినను వచ్చినది. కౌలుదారునకు, కూలివానికి, గొర్రెలకాపరికి వచ్చినదేమి? కలుపుతీతకు పోయిన చేను గేటు వెనుకకు పోయినది. మందలు నడచిన బాట కడ్డముగా ప్రహరీ లేచినది. కుంటకు చేరవలసిన వాననీరు ఆ గోడను తాకి వేరుదారి పట్టుచున్నది. గోడ కట్టినవాడు వారమున కొకనాడు వచ్చును. కుంటతో పనియున్నవాడు దినదినము అక్కడనే యుండును.

మాటల సంగతి ఉపాధ్యాయులు ప్రత్యేకముగ గమనింపదగినది. చెలక యన ఎర్రనేల. రేగడి యన నల్లనేల. తరి యన మాగాణి. ఖుష్కి యన మెట్ట. ఇవి నిఘంటువులలోనైన నిలుచును. కాని చెట్టుపేరనో, బావిపేరనో, ముత్తాతపేరనో పిలువబడిన పొలముల పేర్లు ఎందు నిలుచును? ప్లాటునకు అంకె మాత్రమే కలదు. ఆ ఊళ్ళ విద్యార్థులు సెలవులలో పెద్దలనడిగి, పొలముల పేర్లు, బాటల జాడలు, కుంటల హద్దులు వ్రాసి పటము గీసినచో, తెలుగునకది మంచి పాఠమగును. రేపు గ్రామసభలో బాట తమదని చెప్పుకొనువారికి చేతియాసరా యగును. ఈ వేసవిలోనే మొదలిడుట మేలు. ఆ పేర్లెరిగిన ముసలివారు ఏటేట తగ్గుచున్నారు.