పువ్వు పుట్టగానే పరిమళించదు

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనవారి సామెత. హోన్‌హార్ బిర్వాన్ కే హోత్ చీక్‌నే పాత్ అని హిందీవారి సామెత. ఎదగబోయే మొక్కకు మొదటినుండే ఆకులు నిగనిగలాడుతవని దాని భావం. ఈ రెండు భాషల నడుమ చాల ఏండ్లుగా అనువాదవృత్తిలో రాకపోకలు సాగిస్తున్న నాకు, ఒకదానికొకటి ఇంత చక్కగా సరిపోయే సామెతలు అరుదుగా దొరికినవి. అందుచేతనే ఇవి రెండూ అసత్యములని చెప్పడానికి కొంత సంకోచం కలుగుతున్నది. అయినను చెప్పక తప్పదు. ఇవి ప్రతిభను పొగడుతున్నట్లు కనిపించి, నిజానికి పెద్దలను బాధ్యతనుండి విముక్తులను చేస్తున్నవి. పరిమళం తనంతట తానే వచ్చి ముక్కుపుటాలను తాకేదయితే వెదకవలసిన శ్రమ ఎవరికీ లేదు. మనకు వాసన సోకని పువ్వును గూర్చి, అది పువ్వే కాదని తీర్పు చెప్పి చేతులు దులుపుకొనవచ్చును.

ఖరగ్‌పూర్ పట్టణంలోని మలంచా పేటను దృష్టిలో ఉంచుకొని ఈ మాటలు వ్రాస్తున్నాను. వంగభాషలో ఆ మాటకు పూలతోట అని అర్థం. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఇక్కడ కూడలిని, కర్మాగారాన్ని నెలకొల్పిన కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్టణం వైపునుండి తెలుగువారు పొట్ట చేతబట్టుకొని వచ్చినారు. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా పనిచేసి ఇక్కడనే స్థిరపడినారు. రైల్వే పేరు మారినది. 1955లో అది సౌత్ ఈస్టర్న్ రైల్వే అయినది. వారి ఇండ్లలో తెలుగు మాత్రం నిలిచినది. నేటి పిల్లలకు ఇంటిలో తెలుగు, వీథిలో హిందీ, అంగడిలో బంగాళీ, పుస్తకంలో ఇంగ్లీషు.

ఇట్టి పిల్ల ఒకతె నాయనమ్మను ఆసుపత్రికి తీసుకొనిపోవడం ఈ పేటలో నిత్యం జరిగే పని. ముసలమ్మ సిక్కోలు తెలుగులో తన బాధ చెప్పుకొంటుంది. వైద్యుడు బంగాళీలో అడుగుతాడు. మందులిచ్చేవాడు హిందీలో చెబుతాడు. పదేండ్ల పిల్ల ముగ్గురి మధ్య నిలిచి, ఏ మాటను ఉన్నదున్నట్లు చెప్పవలెనో, ఏ మాటను మెత్తపరచవలెనో, దేనిని మరల అడిగి తేల్చుకొనవలెనో అప్పటికప్పుడు నిర్ణయించుకొంటుంది. అనువాదకుడు పెద్దచదువులు చదివి, నిఘంటువులు తిరగవేసి అలవరచుకొనే వివేకం ఇదే. మరునాడు బడిలో ఆ పిల్లకే హిందీలో లింగభేదం తెలియదని మార్కులు తగ్గుతవి. బంగాళీ ఉచ్చారణ సరిగాలేదని తోటివారు నవ్వుతారు. ఇంగ్లీషు వ్రాతలో తప్పులు లెక్కకు వస్తవి. తెలుగు చదవడం, వ్రాయడం రాదని బంధువులు నొచ్చుకొంటారు. నాలుగు భాషల కొరత నాలుగుసార్లు లెక్కకు వచ్చినది. నాలుగు భాషల నేర్పు ఒక్కసారైనా లెక్కకు రాలేదు. ఇది కొలత లోపమా, పిల్ల లోపమా?

ప్రతిభ ఎన్నటికైనా దాగదని వాదించేవారు శ్రీనివాస రామానుజన్ పేరు చెబుతారు. ఆయన కథ వారికి ఎదురుసాక్ష్యమే. కుంభకోణం కళాశాలలో గణితం తప్ప తక్కిన పాఠాలలో తప్పి, ఆయన ఉపకారవేతనం పోగొట్టుకొన్నాడు. మద్రాసులో మరల ప్రయత్నించి ఎఫ్.ఏ. పరీక్ష తప్పినాడు. అనగా చదువులవ్యవస్థ ఆయనను పరీక్షించి, పనికిరాడని తీర్పు చెప్పినది. ఆ తీర్పును త్రోసిపుచ్చినవారు కొందరు మనుష్యులు. ఆయన నోటు పుస్తకాలను తిరగవేసి చూచిన వి. రామస్వామి అయ్యరు ఒకరు. నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు మరొకరు, ఆయన కొంతకాలం నెలకు 25 రూపాయలు తన సొమ్మునుండి ఇచ్చినాడు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా పని దొరికినది. 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం వెళ్ళినది. ఆ సంవత్సరమే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధనవేతనం ఇచ్చినది. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినను మిగిలేది ఒక గుమాస్తా. అట్లు మిగిలిపోయినవారి జీవితచరిత్రలు ఎవరూ వ్రాయరు గనుక, ప్రతిభ దాగదను మాటకు సాక్ష్యాలు ఒకవైపువే దొరుకుతున్నవి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి, ఆచార్యుని ఆగ్రహానికి పాత్రుడై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టం పొందినాడు. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ చేయూతనిచ్చినందువల్ల 1923లో ఆయన అమెరికా చేరగలిగినాడు. కండరాలలోని శక్తిని గూర్చి, క్యాన్సరుకు, బోదకాలుకు మందులను గూర్చి జరిగిన పరిశోధనలలో ఆయన పేరు నేడు నిలిచి ఉన్నది. ఆ ధర్మసంస్థవారు ఆయన మార్కులు మాత్రమే చూచి ఉన్నట్లయితే ఏమయ్యేది?

అట్లయితే శాస్త్రీయమైన పరీక్ష పెడదామని మరి కొందరంటారు. అదీ జరిగినది. అమెరికాలో లూయీ టెర్మన్ 1921లో మొదలుపెట్టి, బుద్ధిపరీక్షలద్వారా 1,500కు పైగా బాలబాలికలను ఏరి, వారి జీవితాలను దశాబ్దాలతరబడి గమనించినాడు. ఎన్నికైనవారిలో చాలమంది చక్కగా రాణించినారు గాని, నోబెల్ బహుమానం ఎవరికీ రాలేదు. ఆ జల్లెడలో నిలువక జారిపోయిన పిల్లలలో ఇద్దరు, విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్, 1956లోను, 1968లోను భౌతికశాస్త్రంలో ఆ బహుమానం పొందినారు. పరీక్షలు వద్దనడం నా ఉద్దేశం కాదు. ఒక్క పరీక్ష, ఒక్క దినం, ఒక్క భాష, ఇవి చాలవని మాత్రమే చెబుతున్నాను.

ఈ విషయం రైల్వేవారికి తెలియనిది కాదు. మహేంద్రసింగ్ ధోనీ 2001లో ఖరగ్‌పూరుకు టిక్కెట్ల పరీక్షకుడుగా వచ్చినది క్రీడాకారులకు కేటాయించిన కోటాలోనే. అనగా ఆట ఆడగలవానిని గుర్తించి, కూడు పెట్టి, మైదానం చూపే ఏర్పాటు ఈ సంస్థకు ఉన్నది. ఆ కాలంలోనే క్రికెట్ బోర్డువారు చిన్న పట్టణాలలో ప్రతిభను వెదకడానికి పూర్వక్రీడాకారులను నియమించినారు. అట్లు వచ్చిన ప్రకాశ్ పొద్దార్ ఆయన ఆట చూచి నివేదిక పంపినాడు. చూడడమే ఒకరి ఉద్యోగమయినది గనుక చూడగలిగినారు. ఈ ఊరి బడులలో లెక్కలలోనో, భాషలోనో, బొమ్మలు గీయుటలోనో అసాధారణమైన పిల్లవాడు ఉన్నచో, వానిని చూచి నివేదిక పంపే ఉద్యోగం ఎవరిది?

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. జాతీయ విజ్ఞానశాస్త్ర ప్రతిభాన్వేషణ 1963లో ఢిల్లీలో పది ఉపకారవేతనాలతో మొదలై, మరుసటి ఏడు 350తో దేశమంతటికీ వ్యాపించినది. 1976లో ఇతర శాస్త్రాలకు విస్తరించినది. చివరకు 2021లో ఆమోదకాలం ముగియగా దానిని నిలిపివేసినారు. ప్రతిభావంతులైన బాలలను ప్రోత్సహించవలెనని 2020 జాతీయవిద్యావిధానం ప్రత్యేకంగా పలికినది. పలికిన మరుసటి ఏడే అరువదేండ్లనాటి అన్వేషణ ఆగినది. 1986 విధానంనాటి నవోదయ విద్యాలయాలు గొప్ప మేలు చేసినవి. కాని వాటిలో మూడువంతుల స్థానాలకు తక్కువగాకుండ గ్రామీణులకు కేటాయింపబడినవి. అది న్యాయమే. అయితే మలంచా పురపాలకసంఘం హద్దులలో ఉన్నది. ఇక్కడి ఖలాసీ బిడ్డ మిగిలిన నాలుగవవంతుకోసం జిల్లాలోని పట్టణాల పిల్లలందరితో పోటీపడవలెను. తెలుగును అధికారభాషలలో చేర్చాలని పశ్చిమబంగ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించినది. ఖరగ్‌పూరు తెలుగువారు సంతోషించినారు. నిర్ణయం ఒకటి, ప్రశ్నాపత్రం ఆ భాషలో పిల్లవాని చేతికి రావడం వేరొకటి.

ఆంధ్రదేశం ఈ విషయంలో మంచి త్రోవ చూపినది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండజిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల వెలసినది. పల్లెటూరి పిల్లలకు ప్రతిభనుబట్టి ప్రవేశం, తిండి, బట్ట, చదువు అన్నీ అక్కడనే. ఆ సంప్రదాయంలో పెరిగిన సాంఘికసంక్షేమ గురుకులాలనుండి మాలావత్ పూర్ణ పదమూడేండ్ల ప్రాయంలో 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కినది. ఆమెతోపాటు సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎక్కినాడు. కూలివారి బిడ్డలో పర్వతారోహకురాలు ఉన్నదని ఏ జాతకమూ చెప్పలేదు. భువనగిరి గుట్టమీదికి పిల్లలను తీసుకొనిపోయి, ఎక్కించి, చూచినారు. చూచిన తరువాత డార్జిలింగులో శిక్షణ ఇప్పించినారు. గుర్తించుటకు ముందు అవకాశం ఇచ్చినారన్నది ఇక్కడ గమనింపదగిన సంగతి.

ఇక సమత్వంపేరిట వచ్చే ఆక్షేపణ ఒకటి ఉన్నది: వెనుకబడినవారిని వదలి తెలివిగలవారికి అన్నం పెట్టుట అన్యాయమని. ఈ ఆక్షేపణలో దయ ఉన్నది; లోకజ్ఞానం లేదు. ధనవంతుని తెలివైన బిడ్డను ప్రభుత్వం పట్టించుకోకున్నను నష్టం లేదు. తండ్రి కోటాకు పంపగలడు, ఇంటికి మాస్టారును పిలిపించగలడు. సహాయం మానివేస్తే నష్టపోయేది మలంచాలోని తెలివైన బిడ్డ మాత్రమే. సమత్వంపేరిట మనం కాపాడేది అసమత్వాన్నే. ఇంకొకవైపున, రాంకు తెచ్చినవానినే ప్రతిభావంతుడనే వ్యాపారులున్నారు. ఒకప్పుడు హిజిలీ నిర్బంధశిబిరంగా ఉండిన భవనంలో 1951లో ఐ.ఐ.టి. వెలసినది; మలంచానుండి అది కొద్ది మైళ్ళ దూరం. ఆ ద్వారం దాటడానికి బాల్యమంతా తాకట్టు పెట్టుట ప్రతిభాపోషణ కాదు. అది పంటను విత్తనంగానే అమ్ముకొనుట.

చేయవలసిన పని కోట్లు కోరేది కాదు. ప్రతి బడిలో ఒక ఉపాధ్యాయుడు, మార్కుల పట్టికతో నిమిత్తం లేకుండ, పిల్లల అసాధారణమైన ప్రశ్నలను, పనులను ఒక పుస్తకంలో ఏడాది పొడుగునా వ్రాసి ఉంచవలెను. ఎంపిక పరీక్ష పిల్లవానికి బాగా వచ్చిన భాషలో జరుగవలెను. అక్షరాలు రాని భాష అయితే నోటితో జరుగవలెను. నాలుగు భాషల నేర్పును ఒక విద్యగా లెక్కించి మార్కులీయవలెను. రైల్వేవారు ఆటగాండ్రకు చేస్తున్న సహాయంలో కొంత ఉద్యోగుల బిడ్డల చదువుకు కూడ చేయవలెను. నాలుగు భాషల పుస్తకాలూ ఒకేచోట దొరికే గ్రంథాలయం ఒకటి పేటలో తెరువవలెను. అన్నిటికంటె ముఖ్యం, అట్టి పిల్లకు తనవంటి మరొక పిల్లతో స్నేహం కలిగించవలెను. ఒంటరితనంలో తెలివి త్వరగా మొద్దుబారుతుంది. ఇక్కడి తెలుగు సంఘాలు పండుగలకు వసూలుచేసే చందాలో పదవవంతు కేటాయించినను మొదలుపెట్టవచ్చును. రామచంద్రరావు ప్రభుత్వపు ఉత్తరువుకోసం కాచుకొని ఉండలేదు.

ఈ సంపుటి చదివే పాఠకులు పలుభాషల సాహిత్యం తెలుగులో దొరకవలెనని కోరేవారు. హిందీనుండి, బంగాళీనుండి తెలుగులోనికి రేపు ఎవరు అనువదిస్తారని నన్ను అడిగేవారున్నారు. ఆ అనువాదకురాలు నేడు ఆసుపత్రి వరుసలో నాయనమ్మ ప్రక్కన నిలుచున్నది. ఆమెను ఈ యేడు ఎవరైనా చూడవలెను. వచ్చే తరంలో చూడవచ్చునంటే అప్పటికి ఆమె ఉండదు. ఆమె ఇల్లు చక్కబెట్టుకొంటున్న మరొక గృహిణి ఉంటుంది.